ఏడో ప్యాచ్

హిందూపురంలో మిరపకాయల మండీకి ఎదురుగా ఒక మేడ మీద దేవసహాయం కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. మండీలో బస్తాలు దులిపిన రోజు క్లాసంతా తుమ్ముతూనే ఉండేది. అతనిది పెనుకొండ పక్కన చిన్న పల్లె. ఎం.సి.ఏ. చదివి బెంగళూరులో రెండేళ్లు ప్రోగ్రాములు రాశాడు. ఆ కంపెనీ మూతపడ్డాక తిరిగొచ్చి ఇక్కడ చేరాడు. పాఠాలు చెప్పి బతకడం అతనికి నామోషీగా ఉండేది. తన చేత్తో రాసిన ప్రోగ్రాము ఒక్కటన్నా నలుగురికీ పనికిరావాలని, అది తనదని నలుగురికీ తెలియాలని గట్టిగా ఉండేది.

2003 ఎండాకాలంలో ధర్మవరం నుంచి కుమారస్వామి అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు, నేతగాళ్లకు పట్టు ఇచ్చి చీరలు నేయిస్తాడు. పాతికేళ్లుగా గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి, వాటి ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టించి ఇచ్చేవాడు. మగ్గం మీద ఉండే జకార్డు మెషిన్ ఆ చిల్లులను బట్టే తన హుక్కులతో ఏ దారం లేపాలో, ఏది వదిలేయాలో తెలుసుకుంటుంది. ఈ మధ్య ఆయన కంప్యూటరు, అట్టలు కొట్టే యంత్రం తెచ్చుకున్నాడు గానీ వాటితో వచ్చిన సాఫ్ట్‌వేర్ మొండికేసింది.

"బొమ్మ బాగనే కనబడతాది సార్. అంచులోకి దించినామా, యాడికో పోతాండాది. మా చీరకు తగినట్టు చేసిస్తారా?" అన్నాడు.

దేవసహాయం ఇంటర్నెట్‌లో వెతికితే ఒక ప్యాకేజీ దొరికింది. ఎక్కడో విదేశాల్లో మగ్గాలంటే ఇష్టమున్న కొందరు కలిసి రాసి, అందరికీ ఉచితంగా వదిలిన ప్యాకేజీ. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాన్ని ధర్మవరం చీరకు తగ్గట్టు మార్చే పనికి అతను ప్రమోదను తోడు తీసుకున్నాడు. ప్రమోద పెనుకొండ అమ్మాయి. రోజూ రైల్లో వచ్చి వెళ్లేది. అతని దగ్గరే చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పడానికి చేరింది.

ఆ విదేశీయులు ఏడాదికి రెండుసార్లు ప్యాకేజీని మెరుగుపరిచి కొత్తది వదిలేవాళ్లు. వాళ్లు ఇచ్చింది ఇచ్చినట్టు ఒక బ్రాంచిలో, అంటే ఒక విడి నకలుగా, ఉంచి, దాన్నుంచి 'ధర్మవరం' అని వేరే బ్రాంచి తీసి, తమ మార్పులన్నీ అందులో పెట్టారు వీళ్లిద్దరూ. ఒక్కో మార్పు ఒక్కో ప్యాచ్. కొత్త ప్యాకేజీ వచ్చినప్పుడల్లా ఆ ప్యాచ్‌లన్నిటినీ వరసగా దానికి మళ్లీ వేయాలి. కొన్ని మాట్లాడకుండా కూర్చుంటాయి. కొన్ని అడ్డం తిరుగుతాయి. వాటిని ఓపిగ్గా చదివి సరిచేయాలి. ఎవరు ఏ రోజు ఏం మార్చారో, ఎందుకు మార్చారో లాగ్‌లో ఒక మాట రాయాలి. ఆ ఓపిక ప్రమోదది. ఆమె ప్రతి ప్యాచ్‌కూ నంబరు ఇచ్చి, ఏ మగ్గం కోసం రాసిందో ఒక నోట్ బుక్‌లో కూడా రాసుకునేది.

ఏడో ప్యాచ్ యల్లప్ప మగ్గం కోసం రాసింది.

యల్లప్ప కుమారస్వామికి నేసేవాళ్లలో పెద్దవాడు. యాభై ఏడేళ్లుంటాయి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని, పలక మీద కూర్చుని, పైనున్న మెషిన్‌ను వేలితో చూపిస్తూ వాళ్లిద్దరికీ చెప్పాడు.

"ఈ మూల వరుసలో ఎనిమిది హుక్కులు అరిగిపోయినాయి పాపా. మా నాయన కాలం మెషిను. ఆ తాళ్లను విప్పి, ఆ కొసన ఖాళీగా ఉండే వరుసకు కట్టుకుంటి."

"మరి అట్టలు ఎట్ల పెద్దనాయనా?"

"కుమారస్వామప్ప చేత్తో కొట్టించేటప్పుడు నా అట్టలకు మాత్రం ఆ వరుస వదిలి కొసన కొట్టిస్తాండె. మీ కంప్యూటర్‌కు ఆ సంగతి యాడ తెలుస్తాది?"

"తెలిసేట్టు నేను చెప్తాలే," అంది ప్రమోద.

ఆ సాయంత్రమే రాసింది. పదిహేను లైన్లు కూడా లేవు. ఒక్క మగ్గానికి ఒక ప్యాచా అని దేవసహాయం నవ్వాడు. తర్వాత రెండేళ్లు ఆ ప్యాచ్ తన పని తాను చేసుకుపోయింది. యల్లప్ప చీరలు వంక పెట్టడానికి లేకుండా వచ్చాయి.

2005లో ఒక నేత సహకార సంఘం వాళ్లకు ఈ సంగతి తెలిసింది. తమ ఇరవై మగ్గాలకూ ఇదే పెట్టిస్తామని కబురు చేశారు, సోమవారం వచ్చి చూస్తామన్నారు. సరిగ్గా ఆ వారమే కొత్త ప్యాకేజీ వచ్చింది. నేయకముందే చీర ఎట్లా ఉంటుందో రంగులతో సహా తెర మీద చూపించే ఏర్పాటు అందులో ఉంది. అది చూపిస్తే సంఘం వాళ్లు కాదనరని దేవసహాయానికి అనిపించింది. ప్రమోద ఊళ్లో లేదు. గుడిబండలో వాళ్ల అవ్వకు బాగాలేదని వెళ్లింది. అవసరమైతే చేయమని అక్కడి పక్కింటివాళ్ల ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్లింది.

శనివారం పొద్దున దేవసహాయం ఒక్కడే కూర్చున్నాడు. ఇరవై రెండు ప్యాచ్‌లు. మధ్యాహ్నానికల్లా ఇరవై ఒకటి కూర్చున్నాయి. ఏడోది అడ్డం తిరిగింది. విదేశీయులు ఆ భాగాన్ని మొత్తం తిరగరాశారు. పైపైన చదివాడు. హుక్కుల వరుసలను ఎంచుకునే వీలు ఏదో కొత్తగా పెట్టినట్టు కనిపించింది. మనకు కావలసింది వాళ్లే చేసేశారు కదా, ఇంక మన ప్యాచ్ ఎందుకు అనుకున్నాడు. నిజానికి వాళ్లు పెట్టింది వేరే పనికి. ఒక్క అట్ట కొట్టి చూసినా తెలిసేది. నోట్ బుక్ బల్ల మీదే ఉంది, తెరవలేదు. ఫోన్ నంబరు జేబులోనే ఉంది, చేయలేదు. ఏడో ప్యాచ్ తీసేసి, లాగ్‌లో 'ఇక అవసరం లేదు' అని రాశాడు.

సోమవారం సంఘం వాళ్లు తెర మీద రంగుల చీర చూసి మెచ్చుకున్నారు. రెండు నెలలు పని చూసి చెబుతామని వెళ్లారు. ఆ వారమే కుమారస్వామి వచ్చి కొత్త సీడీ తీసుకుపోయాడు. గుడిబండ నుంచి తిరిగొచ్చిన ప్రమోద, "ప్యాచ్‌లన్నీ సరిగా కూర్చున్యాయా సార్?" అని అడిగింది. "అన్నీ కూర్చున్యాయి," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతనికి అది అబద్ధమని కూడా అనిపించలేదు.

రెండు నెలలకు సంఘం పెద్దలు ఒప్పంద పత్రం తీసుకుని వచ్చారు. వాళ్లు ఎదురుగా కూర్చుని టీ తాగుతుండగా కుమారస్వామి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"సార్, యల్లప్ప నేసిన పెండ్లిచీర చెడిపోయింది. కుడి అంచులో హంసలన్నిటికీ మెడకాడ తెగింది. ఆ ఎనిమిది హుక్కుల సంగతి కొత్తదాంట్లో ఉండాది గదా?"

దేవసహాయం ఎదురుగా ఉన్న ముగ్గురి వైపు చూశాడు. ఒకాయన పెన్ను మూత తీస్తున్నాడు.

"ఉంది. అంతా సరిగానే ఉంది," అన్నాడు.

"అయితే మావోడిదే తప్పు. సరే సార్."

వాళ్లు వెళ్లిపోయాక తలుపు దగ్గరకు వేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తను తీసేసింది ఏమిటో అర్థం కావడానికి అరగంట పట్టలేదు. అంచులో హంస మెడ గీతలు సరిగ్గా ఆ అరిగిన వరుస మీద పడ్డాయి. లేపే హుక్కు లేక ఆ దారాలు లేవలేదు. ఫోన్ అందుకున్నాడు. పెట్టేశాడు. సంఘం వాళ్లు ఇంకా బస్టాండు కూడా చేరి ఉండరు. ఈ మాట ధర్మవరంలో తెలిస్తే సాయంత్రానికి వాళ్ల చెవిన పడుతుంది. మరుసటి రోజు పొద్దున ఏడో ప్యాచ్‌ను కొత్తదానికి తగినట్టు తిరగరాసి బ్రాంచిలో పెట్టాడు. లాగ్‌లో 'చిన్న సవరణ' అని రాశాడు. కొత్త సీడీ చేసి, ఏవో కొన్ని మెరుగులు దిద్దామని చెప్పి కుమారస్వామికి పంపించాడు.

ఆ లోపల ధర్మవరంలో జరగాల్సింది జరిగిపోయింది. కుమారస్వామి చీరను పదిమంది ముందు పరిచి, "అట్టలు బాగుండాయంట. సార్‌నే అడిగితి. నీకు కండ్లు పోయినాయి యల్లప్పా, ఇంక బుటా, అంచు పని నీతో కాదు," అన్నాడు. ముప్ఫై ఐదేళ్లుగా నేస్తున్న మనిషి చీరను మడత పెట్టి అక్కడే ఉంచి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతనికి పువ్వూ పిందే లేని సాదా చీరలే ఇచ్చారు.

నెల తర్వాత ఇంకో ప్యాచ్ వేయబోతూ ప్రమోద లాగ్ చూసింది. క్లాసు అయిపోయి పిల్లలు మెట్లు దిగుతుండగా వచ్చి అతని ముందు నిలబడింది.

"ఏడోది తీసినారా సార్?"

అతను బల్ల మీది సుద్దముక్కలు ఏరి డబ్బాలో వేశాడు.

"తీసి, మళ్లా పెట్టినారు. మధ్యన రెండు నెలలు లేదు. ఆ రెండు నెలల్లోనే గదా యల్లప్ప పెద్దనాయన చీర చెడిపోయింది? కుమారస్వామి సార్ మొన్న వచ్చినప్పుడు చెప్పినాడు, ఆయప్పకు కండ్లు కనబడటం లేదని."

"పొరపాటు జరిగింది ప్రమోదా."

"పొరపాటు ఎవరికైనా జరుగుతాది సార్. నాతో జరగలేదా ఎన్ని? ఆయప్పకు చెప్పినారా, లేదా?"

"ఈ వారం పోయి చెప్తా. నేనే పోతా."

ఆదివారం చర్చికి కూడా వెళ్లకుండా ధర్మవరం రైలెక్కాడు. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా కూర్చుకున్నాడు. తప్పు నాది పెద్దాయనా, మీది కాదు. అంతే కదా, చిన్న మాటే కదా అనుకున్నాడు. పెనుకొండలో రైలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద ఎవరో దోసకాయలు అమ్ముతున్నారు. కొనుక్కోవడానికి దిగినట్టు దిగాడు. రైలు కూత వేసింది, కదిలింది. అతను ఎక్కలేదు. కొండ మీది కోట గోడల వైపు చూస్తూ బెంచీ మీద కూర్చుని, తిరుగు రైలుకు హిందూపురం వచ్చేశాడు.

సోమవారం ప్రమోద అడిగింది.

"చెప్పినా. ఆయన ఏమీ అనుకోలేదు," అన్నాడు.

ఆమె ముఖం విప్పారింది. "మంచి పని చేసినారు సార్. నాకు రెండు దినాలు అన్నం పోలేదు," అంది.

ఆ మాట తర్వాత చాలాకాలం అతని చెవుల్లో తిరిగింది. ఆ నిమిషంలోనైనా లేదు, అబద్ధం చెప్పానని అనొచ్చు. అనలేదు. ఆర్నెల్లకు ప్రమోదకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్తూ నోట్ బుక్‌ను అతని చేతికిచ్చి వెళ్లింది. సంఘం మగ్గాలు ఇరవై నుంచి ముప్ఫై అయ్యాయి. ధర్మవరం బ్రాంచి గురించి ఒక పత్రికలో అతని ఫొటోతో సహా వేశారు. దాన్ని అతను ఎవరికీ చూపించలేదు.

2007 చివర్లో ప్రమోద నుంచి మెయిల్ వచ్చింది. పెళ్లి కుదిరిందని రాసింది. 'పెళ్లిచీర యల్లప్ప పెద్దనాయన మగ్గం మీదే నేయించాలని ఉంది సార్. మీరు ఒకసారి వెళ్లి అడుగుతారా? ఆయనకు నేను గుర్తుంటానో లేదో,' అని రాసింది.

ఈసారి పెనుకొండలో దిగలేదు. ధర్మవరంలో ఆటో ఎక్కి తిన్నగా కుమారస్వామి ఇంటికి వెళ్లాడు.

"యల్లప్పనా? మగ్గం ఇప్పేసి ఏడాదిన్నర దాటిందే. సాదా చీరలు రెండు నెలలు నేసినాడు, అవి గూడా మానేసె. తాడిమర్రిలో బిడ్డ ఇంటికాడ ఉండాడు. ఏం సార్, పనేమన్నా ఉండాదా?"

దేవసహాయం ఊరికే వచ్చానని చెప్పి బయటికొచ్చి తాడిమర్రి బస్సెక్కాడు.

యల్లప్ప కూతురి ఇంటి ముందు చాప మీద కూర్చుని, భార్య తిప్పమ్మతో కలిసి విత్తనానికని శనక్కాయలు ఒలుస్తున్నాడు. దేవసహాయాన్ని గుర్తుపట్టి లేవబోయాడు.

"కంప్యూటర్ సారు గదా! ఇంత దూరం వస్తిరే. ఆ పాప బాగుండాదా?"

"బాగుంది. పెళ్లి కుదిరింది," అన్నాడు. చాప అంచున కూర్చుని, ఇంకేమీ కలపకుండా జరిగింది చెప్పాడు. కొత్త ప్యాకేజీ సంగతి, తీసేసిన ప్యాచ్, ఫోనులో చెప్పిన అబద్ధం, పెనుకొండలో దిగిపోయిన రోజు. దేన్నీ వదల్లేదు.

యల్లప్ప చేతిలోని కాయ అట్లాగే ఉంది.

"ఆ పాప నా మగ్గం కోసరం రాసి పెట్టిందే, దాన్ని తీసేస్తివా?"

"తీసేసినా."

"ఎందుకు?"

"అవసరం లేదనుకుంటి. ఒక్క మగ్గమే గదా అనుకుంటి."

యల్లప్ప మెల్లగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పాడు. "నాకు కనబడింది. నేసేటప్పుడు పైకి కనబడేది చీర ఎనకపక్క గదా, కింద అద్దం పెట్టి చూస్తాం. మొదటి హంసకాడే చూస్తి. మెడ తెగినట్టు కనబడె. కంప్యూటర్ కొట్టిన అట్టలు గదా, అవి తప్పు పోవు, నా కండ్లే మసకేసినాయి అనుకుంటి. అట్లనే నేసుకుంటా పోతి." కాయను పక్కన పెట్టాడు. "అంటే నాకు కనబడింది నిజమే!"

"నిజమే. మీ కండ్లకు ఏమీ కాలేదు."

"ఏమే, వింటాండావా? నా కండ్లు బాగనే ఉండెనంట."

తిప్పమ్మ చేట కింద పెట్టింది. ఆమె కోపం తిన్నగా దేవసహాయం మీదికి వచ్చింది. "రెండేండ్లయ్యా! ఈ మనిషి సందకాడ బయటికి పోవాలన్నా నా భుజం పట్టుకుంటాండె. బండి వస్తే కనబడదేమో, రాయి తగుల్తాదేమో అని. బాగున్న కండ్లు పెట్టుకుని గుడ్డోని మాదిరి బతికినాడు. మీ నోట్లో మాట ఒక్కటి రాలేకపోయెనా?"

దేవసహాయం క్షమించమని అడుగుదామని వచ్చాడు. ఆమె ముందు ఆ మాట నోటికి రాలేదు.

యల్లప్ప లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "కుమారస్వామప్పకు చెప్పినావా?"

"లేదు. చెప్పలేకపోతి."

"అయితే పా. నా ముందర చెబుదువు."

ఇద్దరూ బస్సులో ధర్మవరం వచ్చారు. దారిలో యల్లప్ప కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తూనే ఉన్నాడు. దూరంగా చేలల్లో మేస్తున్న మేకలను లెక్కపెడుతున్నట్టు అతని పెదాలు కదిలాయి.

కుమారస్వామి ఇంట్లో ఆ వేళకు ముగ్గురు నేతగాళ్లు ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగుదామని దేవసహాయం అనుకున్నాడు. "ఉండనీ. ఆ పొద్దు గూడా ఉండిరి," అన్నాడు యల్లప్ప. దేవసహాయం నిలబడే చెప్పాడు. విన్నాక కుమారస్వామి లేచి అతని ముందుకు వచ్చాడు.

"నేను ఫోన్ చేసి అడిగితిని గదప్పా. ఆ హుక్కుల సంగతి చెప్పి మరీ అడిగితి," అన్నాడు. కుమారస్వామి యల్లప్ప వైపు తిరిగి, చేయి పట్టుకుని, "నేనన్నా అట్ట తీసి చూడకపోతి. ఈ సార్‌ను అడిగితినే గానీ నిన్ను అడగకపోతి. ఈడ నా ఇంట్లోనే ఒక మగ్గం ఖాళీగానే ఉండాది. ఇప్పుడే రా, కూర్చో," అన్నాడు.

యల్లప్ప వెళ్లి గుంతలోకి దిగాడు. దిగడానికే పక్క గుంజ పట్టుకోవాల్సి వచ్చింది. పోగు నడిపే నాడెను చేతిలోకి తీసుకుని నాలుగైదు పోగులు నేశాడు. చేతులు తడబడలేదు. మోకాళ్లు మాత్రం తొక్కుడు కర్రను పూర్తిగా కిందికి దించలేకపోయాయి. మగ్గం విప్పాక చేసిన కూలి పనుల్లో వంగి వంగి అవి పట్టేశాయి. ఇంకో నాలుగు పోగులు ప్రయత్నించి నాడె పక్కన పెట్టాడు.

"చెయ్యి ఉండాది. కాళ్లు పోయినాయి. ఆ పొద్దే తెలిసింటే మగ్గం ఇప్పకపోదును, కాళ్లూ ఇట్ల అయ్యిండవు," అన్నాడు. కోపంగా అనలేదు. వాన పడలేదని చెప్పినట్టు చెప్పాడు.

కుమారస్వామి భోజనం చేసి పొమ్మన్నాడు. యల్లప్ప తిప్పమ్మ ఎదురుచూస్తుంటుందని చెప్పి బయల్దేరాడు. దేవసహాయం బస్టాండు దాకా వెంట నడిచాడు. ప్రమోద చీర సంగతి అప్పటిదాకా ఎత్తనేలేదు. ఇప్పుడు చెప్పాడు. యల్లప్ప నడక ఆపి విన్నాడు.

"నా మగ్గం మిందనే కావాలనిందా?"

"అవును."

"కుమారస్వామప్పకు చెప్పు, బాగా నేసేవాళ్ల చేత నేయిస్తాడు. పెండ్లికి మాత్రం నేను వస్తానని రాయి." బస్సెక్కుతూ మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఆ పాపకు గూడా నిజమే రాయి."

రెండు రోజులు తిప్పలు పడి ప్రమోదకు పెద్ద ఉత్తరం రాశాడు. అప్పుడు చెప్పినా అన్నది అబద్ధమని మొదటి వాక్యంలోనే రాశాడు. జవాబు రాలేదు. తర్వాత ఇంకో రెండుసార్లు రాశాడు, వాటికీ రాలేదు.

ఫిబ్రవరిలో కుమారస్వామి ఏదో పని మీద ఫోన్ చేసి, మాటల్లో చెప్పాడు. ప్రమోద తాడిమర్రికి స్వయంగా వెళ్లిందట. యల్లప్పకు, తిప్పమ్మకు శుభలేఖ ఇచ్చి, ఒక పూటంతా వాళ్లింట్లోనే ఉందట. పెళ్లి పెనుకొండలోనే, వచ్చే శుక్రవారమేనట.

"మీకు గూడా కార్డు వచ్చింటాది గదా సార్?" అన్నాడు కుమారస్వామి.

"రాలేదు," అన్నాడు దేవసహాయం.